మానసిక వైద్యుడు చేసేదేమిటి, చేయలేనిదేమిటి

ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఒక ఇంట్లో ఎవరికైనా మనసు చెదిరినప్పుడు ఆ కుటుంబం ఎక్కే గడపల వరుస దాదాపుగా ముందే నిర్ణయమై ఉంటుంది. ఇరుగుపొరుగు "గాలి సోకింది" అని తేల్చడంతో మొదలై తాయెత్తు, విభూతి, ధర్మపురిలో యమధర్మరాజు గుడి గండదీపానికి నూనె, కొండగట్టు అంజన్న సన్నిధిలో కొన్నాళ్ళు నిద్ర చేయడం, నడుమ ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చే నిద్ర బిళ్ళలు, ఆపైన కరీంనగర్‌లో ‘నరాల డాక్టరు’ తీయించే స్కానింగు దాకా ఆ వరుస సాగుతుంది. చేతిలోని డబ్బు అయిపోయి, రోగి ఇంట్లోవారిమీద చేయిచేసుకున్న రోజునో, ఇల్లు విడిచి వెళ్ళిపోయిన రోజునో మానసిక వైద్యుడి పేరు చిట్టచివరగా వినబడుతుంది. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగే ఈ ఆలస్యంలోనే జబ్బు ముదురుతుంది, చదువో ఉద్యోగమో కాపురమో చేజారుతుంది. ఈ వరుసలో చివరనున్న వైద్యుణ్ణి ముందుకు తీసుకురావాలంటే ఆయన అసలు ఏం చేస్తాడో కుటుంబానికి తెలిసి ఉండాలి, ఎందుకంటే తెలియని మనిషి దగ్గరకు కష్టకాలంలో ఎవరూ వెళ్ళరు.

వెనకడుగుకు ఒక బలమైన కారణం ఎర్రగడ్డ. తెలంగాణలో ఆ ఊరి పేరే తిట్టుగా మారిపోయింది. మాట తప్పినవాణ్ణి, కోపం వచ్చినవాణ్ణి, ఆఖరుకు భిన్నంగా ఆలోచించినవాణ్ణి సైతం "ఎర్రగడ్డకు పంపాలె" అని వెక్కిరించడం అలవాటైంది. నిజాం కాలంలో జాల్నాలో ఉండిన పిచ్చాసుపత్రి 1950వ దశకంలో హైదరాబాదులోని ఎర్రగడ్డకు తరలివచ్చింది. నేటి ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అదే. ఆ కాలంలో దేశమంతటా అమలులో ఉన్నది 1912 నాటి చట్టం. అది రోగికి చికిత్స అందించడం కంటే రోగినుంచి సమాజాన్ని కాపాడటం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టింది, ఆసుపత్రిలో చేర్చడానికి సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కోరింది. ఎత్తైన ప్రహరీ, కోర్టు కాగితం, తిరిగిరాని మనిషి అనే మూడు బొమ్మలు కలిసి మానసిక వైద్యాన్ని జైలుకు చుట్టంగా చూపాయి. భయం తాతల కాలానిదే అయినా అది ఇంకా బతికే ఉంది, అయితే దానికి ఆధారమైన పరిస్థితి మాత్రం చాలావరకు పోయింది.

ఆ మార్పుకు ముందుగా దారితీసినవి మందులు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం అనే లవణం ఉన్మాదాన్ని తగ్గిస్తుందని ప్రకటించాడు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్ అనే మందుతో భ్రమలు, చెవిలో మాటలు వినిపించడం తగ్గుతాయని తేలింది. అంతకుముందు ఏళ్ళకేళ్ళు ఆసుపత్రిలో గడపవలసిన రోగి ఇంటి దగ్గరే మందు వేసుకుంటూ పని చేసుకోగలిగే దశ అక్కడినుంచి మొదలైంది. మనదేశంలో 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో దాని జిల్లా స్థాయి రూపం మొదలయ్యాయి. జగిత్యాలలో 2022లో, రాజన్న సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. వైద్య కళాశాలకు మానసిక వైద్య విభాగం ఉండి తీరవలసిన విభాగాల్లో ఒకటి. ధర్మపురినుంచి జగిత్యాల ముప్పై కిలోమీటర్లయినా ఉండదు. హైదరాబాదు బస్సెక్కడం ఇక మొదటి అడుగు కానక్కరలేదు.

ఎవరు ఎవరో తెలుసుకోవడం

మానసిక వైద్యుడు మొదట వైద్యుడు, ఆ తర్వాతే మనసు నిపుణుడు. ఎంబీబీఎస్ పూర్తిచేసి, ఆపై మూడేళ్ళ ఎండీనో డీఎన్‌బీనో, లేదా రెండేళ్ళ డిప్లొమానో మానసిక వైద్యంలో చదివినవాడు. అందువల్ల ఆయన శరీరాన్ని పరీక్షిస్తాడు, రక్తపరీక్షలు రాస్తాడు, మందు రాస్తాడు, అవసరమైతే ఆసుపత్రిలో చేర్చుకుంటాడు. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వ శాస్త్రంలో ప్రత్యేక శిక్షణ పొందిన నిపుణుడు. తెలివితేటల పరీక్షలు, మాటలతో చేసే చికిత్స ఆయన పని, మందు రాయడం కాదు. న్యూరాలజిస్టు, అంటే జనం నోట్లో నరాల డాక్టరు, పక్షవాతం, మూర్ఛ, మెదడులో గడ్డలు వంటివి చూస్తాడు. "పిచ్చి డాక్టరు దగ్గరకు పోయినం" అని చెప్పుకోలేని కుటుంబం "నరాల బలహీనత" అని చెప్పుకుని నరాల డాక్టరు దగ్గరకు వెళ్ళడం ఈ ప్రాంతంలో సర్వసాధారణం; మంచి న్యూరాలజిస్టు పరీక్ష చేసి మానసిక వైద్యుడికి చీటీ రాస్తాడు గనుక అందులో పోయేది కొంత కాలం, కొంత డబ్బు మాత్రమే. కౌన్సెలింగు బోర్డు పెట్టుకున్నవారి చదువేమిటో అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు, ఎందుకంటే ఆ మాటను ఎవరైనా బోర్డుమీద రాసుకుంటున్నారు.

మొదటిసారి వైద్యుడి గదిలో

మానసిక వ్యాధిని చూపించే స్కానింగు యంత్రం ఏదీ లేదు. నిర్ధారణ అంతా అడగడం, వినడం, గమనించడం మీద ఆధారపడి ఉంటుంది గనుక మొదటి సందర్శనకు ఎవరు వెంట వెళ్తున్నారన్నది రక్తపరీక్ష అంత ముఖ్యమైన విషయం. బాగా మాట్లాడగలిగిన మేనమామ కంటే, రోగితో ఒకే ఇంట్లో నిద్రలేచే తల్లో భార్యో, ఆమెకు అంత బాగా మాట్లాడటం రాకపోయినా సరే, వైద్యుడికి ఎక్కువ పనికివస్తుంది. నిద్ర ఎప్పుడు తగ్గింది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టడం లేదా, తిండి తగ్గిందా, ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదవులు కదులుతున్నాయా, ఇంట్లో వండిన అన్నంలో ఏదో కలిపారని అనుమానిస్తున్నాడా, ఉన్నట్టుండి ఎన్నడూ లేని హుషారుతో అప్పులు తెచ్చి ఖర్చుపెడుతున్నాడా వంటి ప్రశ్నలకు జవాబు ఆమె దగ్గరే ఉంటుంది. వంశంలో ఇంకెవరికైనా ఇలాంటిది వచ్చిందా, కల్లు, సారా, గంజాయి, గుట్కా అలవాటు ఉందా అన్నప్పుడు పరువుకోసం దాచిన జవాబు చికిత్సను తప్పుదారి పట్టిస్తుంది. అంతవరకు వాడిన మందుల పేర్లు గుర్తులేకపోతే ఖాళీ స్ట్రిప్పులనే సంచిలో వేసుకుని వెళ్ళడం అన్నింటికంటే సులువు.

థైరాయిడు, చక్కెర, బీ12, రక్తంలో సోడియం వంటి పరీక్షలు రాసినప్పుడు "మనసు జబ్బుకు రక్తమెందుకు?" అనే అనుమానం సహజమే. థైరాయిడు తగ్గిన మనిషి దిగులు రోగిలా కనిపిస్తాడు; సోడియం పడిపోయిన ముసలివాడు, మూత్రంలో ఇన్‌ఫెక్షను వచ్చిన ముసలమ్మ ఒక్క రాత్రిలో మనుషులను గుర్తుపట్టక, లేనివి చూస్తూ మాట్లాడతారు. ఈ రెండో స్థితిని వైద్యులు సన్నిపాత స్థితి అంటారు. దాని మూలం ఒంట్లో ఉంటుంది, దాన్ని "ముసలితనంలో మతి తప్పింది" అని వదిలేస్తే ప్రాణానికే ముప్పు. జ్వరంతోపాటు మాట తడబడి మతిస్థిమితం తప్పితే అది మెదడువాపు కావచ్చు. శరీరంనుంచి వచ్చిన కల్లోలాన్ని మనసునుంచి వచ్చిన దానినుంచి వేరుచేయడమే మానసిక వైద్యుడి మొదటి పని. తాయెత్తు కట్టేవారికి గానీ కౌన్సెలింగు చేసేవారికి గానీ అది సాధ్యం కాదు.

వైద్యుడు రోగితో కొంతసేపు ఒంటరిగా మాట్లాడతాడు, ఆ సమయంలో "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగుతాడు. బయట కూర్చున్న తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిస్తే లేని ఆలోచనను ఎక్కిస్తున్నాడని కోపం వస్తుంది గాని, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. మోస్తున్నవాడికి దించుకునే చోటు దొరుకుతుంది. మరో సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. మొదటిసారి పెట్టిన వ్యాధి పేరు ఆరు నెలల తర్వాత మారవచ్చు, ఎందుకంటే భ్రమలతో మొదలైన జబ్బు తర్వాత ఉన్మాదం, దిగులు మార్చిమార్చి వచ్చే బైపోలార్ వ్యాధిగా తేలడం ఉన్నదే. పేరు మారినంత మాత్రాన వైద్యుడికి తెలియదని డాక్టరును మార్చేస్తే చరిత్ర మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది.

మందులు, ఎండలు, కల్లు

దిగులు వ్యాధికి ఇచ్చే మందు రెండునుంచి నాలుగు వారాలు గడిస్తేగాని పనిచేయడం మొదలుపెట్టదు, ఆ వ్యవధిలో కడుపులో తిప్పడం, తలనొప్పి వంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే కనిపిస్తాయి. ఫలితం ఆలస్యం, ఇబ్బంది తక్షణం అయిన ఈ అమరికే పదో రోజున మందు ఆపేయడానికి మూలం. తగ్గిన తర్వాత కూడా మొదటిసారి దిగులు వచ్చినవారు కనీసం ఆరు నెలలనుంచి తొమ్మిది నెలల దాకా మందు కొనసాగించాలి. భ్రమలతో కూడిన జబ్బుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. బిళ్ళ మింగనని మొండికేసేవారికి రెండు వారాలకో నెలకో ఒకసారి ఇచ్చే సూదిమందు కొన్ని రకాల్లో ఉంది, దాని గురించి అడగడానికి కుటుంబం సంకోచించనక్కరలేదు.

జగిత్యాల, కరీంనగర్ వైపు వేసవి ఎండలు ఈ వైద్యంలో ఒక ప్రత్యేక జాగ్రత్తను కోరతాయి. బైపోలార్ వ్యాధికి వాడే లిథియం మేలుచేసే మోతాదుకూ హానిచేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ, అందుకే వైద్యుడు అప్పుడప్పుడు రక్తంలో దాని స్థాయిని కొలిపిస్తాడు. రోహిణి కార్తెలో చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు, వాంతులు, విరేచనాలు అయినప్పుడు అదే మోతాదు మందు రక్తంలో పేరుకుపోతుంది. చేతులు గట్టిగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. ఒళ్ళు నొప్పులని ఊళ్ళో ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కూడా ఆ స్థాయిని పెంచుతాయి. ఇలాంటి గుర్తులు కనిపిస్తే ఆ పూట మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఊళ్ళోని ఆర్‌ఎంపీకి "మా ఇంట్లో లిథియం వాడుతున్నారు" అని ముందే చెప్పి ఉంచడం వైద్యుడు చీటీమీద రాయని, రాయవలసిన సలహా.

కల్లు సంగతి వేరు. తెలంగాణలో చాలాచోట్ల కల్లు పేరుతో అమ్మేదానిలో చెట్టు కల్లు కొంచెం, క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు ఎక్కువ. తాగేవాడికి తాను అలవాటుపడింది కల్లుకు కాదని తెలియదు. 2015 సెప్టెంబరులో ఆబ్కారీ శాఖ కల్తీ కల్లుమీద దాడులు పెంచి సరఫరా ఒక్కసారిగా తగ్గినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ ఎర్రగడ్డలోనూ వింతగా ప్రవర్తిస్తూ, మూర్ఛలతో వచ్చినవారితో ఆసుపత్రులు నిండిపోయాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు అదే దృశ్యం మళ్ళీ కనిపించింది. ఊరు ఊరంతా ‘పిచ్చెక్కింది’ అనుకున్న ఆ స్థితిని వైద్యులు విరమణ లక్షణాలు అంటారు: మత్తుకు అలవాటుపడిన మెదడు అది హఠాత్తుగా అందకపోయేసరికి అదుపు తప్పుతుంది, మొదట చేతుల వణుకు, చెమట, నిద్రలేమి, ఆ తర్వాత రెండుమూడు రోజుల్లో మూర్ఛలు, గోడమీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం, తానెక్కడున్నాడో తెలియకపోవడం. మాలవేసుకునేటప్పుడో, ఇంట్లోవారు ఒట్టు వేయించినప్పుడో రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేయడం మెచ్చుకోదగిన పట్టుదలగా కనిపించినా, వైద్యుడి పర్యవేక్షణ లేకుండా అది ప్రమాదకరం. ఆసుపత్రిలో మొదటి రోజుల్లో ప్రత్యామ్నాయ మందు తగిన మోతాదులో ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు, దానితోపాటు థయమిన్ అనే బీ విటమిన్ సూది ఇస్తారు, ఎందుకంటే ఏళ్ళ తరబడి తాగినవారిలో అది తగ్గిపోయి జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే అవకాశం ఉంది.

బాలింత విషయంలో ఒక్క మాట. కాన్పయిన మొదటి రెండు వారాల్లో నిద్రపోక, బిడ్డను తనది కాదనో, బిడ్డలో దేవుడో దయ్యమో ఉన్నాడనో మాట్లాడే తల్లిని చీకటి గదిలో పడుకోబెట్టి వేపమండలతో దిగదుడవడం ఇంకా జరుగుతోంది. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే ఈ జబ్బు అత్యవసర స్థితి, తల్లినీ బిడ్డనూ ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. సరైన చికిత్సతో చాలామంది పూర్తిగా కోలుకుంటారు గనుక ఇందులో ఆలస్యానికి క్షమ లేదు.

మందు చేయలేనిది

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిన రోజుల్లో నేత కార్మికుల ఆత్మహత్యలు వరుసగా జరిగాయి, ఆ తర్వాత అక్కడ కౌన్సెలింగు ఏర్పాట్లూ వచ్చాయి. కార్మికుడి దిగులుకు కారణం అప్పు అయితే మానసిక వైద్యుడి దగ్గర అప్పు తీర్చే బిళ్ళ లేదు. 2017లో బతుకమ్మ చీరల తయారీ ఆర్డరు సిరిసిల్లకు ఇవ్వడం వంటి నిర్ణయాలు చేసే పనిని ఏ మందూ చేయదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఏజెంటుకు లక్షలు కట్టి గల్ఫ్ పోయి, చెప్పిన పని దొరకక తిరిగివచ్చినవాడి విషయంలోనూ, మగడు దుబాయిలో ఉండగా ఇక్కడ బీడీలు చుడుతూ, పిల్లల్నీ అత్తమామల్నీ ఒంటిచేత్తో మోసే ఇల్లాలి విషయంలోనూ అంతే. ఈ నిజాన్ని ఒప్పుకోని మానసిక వైద్యం బీదరికానికి బిళ్ళలు పంచే వ్యవహారంగా దిగజారుతుంది.

అయితే ఇందులో రెండో సగం కూడా ఉంది, దాన్ని మరిచిపోవడం మరింత ప్రమాదం. ఒకే అప్పు ఉన్న పదిమందిలో అందరూ జబ్బు పడరు. పడినవాడికి నిద్ర, ఆకలి, ఆలోచన మూడూ దెబ్బతిని, అప్పులవాడితో గడువు గురించి మాట్లాడే శక్తి, కొత్త పని వెతికే ఓపిక పోతాయి, ఉన్న దారులు కూడా కనబడకుండా పోతాయి. మందు, మాట కలిసి ఆ శక్తిని తిరిగి ఇస్తాయి; అప్పు అలాగే ఉన్నా దాన్ని ఎదుర్కొనే మనిషి తిరిగి లేస్తాడు. "కష్టాలుంటే దిగులుండదా, దానికి డాక్టరెందుకు?" అనే మాటలోని పొరపాటు ఇదే: కారణం అర్థమైనంత మాత్రాన జబ్బు జబ్బు కాకుండా పోదు. గల్ఫ్‌నుంచి వచ్చినవాడు తరచుగా దిగులని చెప్పడు. గుండె దడ, ఒళ్ళు మంటలు, గ్యాసు, తిమ్మిర్లు అంటూ ఒక్కో డాక్టరు దగ్గర ఒక్కో పరీక్ష చేయించుకుంటూ తిరుగుతాడు. అన్ని పరీక్షలూ బాగున్నాయని ముగ్గురు వైద్యులు చెప్పిన తర్వాత నాలుగో స్కానింగు కంటే మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళడమే చవక.

గుడి, ఆసుపత్రి

తమిళనాడులోని ఏర్వాడి దర్గా పరిసరాల్లో 2001 ఆగస్టు 6న ఒక పాకకు నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. నమ్మకంతో వచ్చినవారిని గొలుసుకు అప్పగించిన ఆ ఏర్పాటు తప్పు, నమ్మకం కాదు. గుజరాత్‌లో ఉనావా గ్రామంలోని మీరా దాతార్ దర్గాలో 2008నుంచి దర్గా సేవకులైన ముజావర్లే రోగిని అక్కడి మానసిక వైద్యుడి దగ్గరకు పంపే పద్ధతి నడుస్తోంది. దువా ఆగదు, దవా తోడవుతుంది. అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో 1950వ దశకంలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలో గుడారాల్లో ఉంచి చికిత్సలో భాగం చేశాడు. కొండగట్టులో రోగి పక్కన తల్లో చెల్లెలో కూర్చుని ఉండటంలో ఉన్న బలం కూడా అదే. కనుక మొక్కు ఉన్న కుటుంబం మొక్కు తీర్చుకోవచ్చు, కాని సన్నిధిలో ఉన్న రోజుల్లో రాత్రి బిళ్ళ మానకూడదు, ఉపవాసం పేరుతో నీళ్ళు మానకూడదు, కట్టివేయకూడదు. మానసిక వైద్యుడు ఈ నమ్మకాన్ని ఎగతాళి చేస్తే రోగి రెండోసారి రాడు. అనుభవమున్న వైద్యులు దాని జోలికి పోకుండా "అక్కడికీ పోండి, ఇదీ వేసుకోండి" అనే అంటారు, అది రాజీ కాదు, లోకజ్ఞానం.

గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నేరుగా నిషేధించింది. 2018 మే 29నుంచి అమలులో ఉన్న ఈ చట్టంలో కుటుంబానికి వెంటనే అవసరపడే అంశాలు కొన్ని ఉన్నాయి. తనంతట తాను చేరిన రోగి తన ఇష్టప్రకారం వెళ్ళిపోవచ్చు. తన మంచి చెడ్డలు తెలుసుకోలేని స్థితిలో ఉన్నవారిని రోగి తరఫున నామినేట్ అయిన ప్రతినిధి దరఖాస్తుమీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక, మొదటి విడతగా 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చు గనుక మండల కేంద్రంలోని ఆసుపత్రిలోనే మొదటి సూది పడవచ్చు. కరెంటు చికిత్స అని జనం భయపడే పద్ధతిని మత్తు ఇవ్వకుండా, కండరాలు సడలించకుండా చేయడం చట్టవిరుద్ధం. సినిమాల్లో చూపించేది ఇప్పుడు ఎక్కడా జరగకూడనిది, సరిగ్గా చేసినప్పుడు తిండి నీళ్ళు మానేసిన తీవ్ర దిగులు రోగికి ప్రాణం పోసేది ఈ చికిత్సే. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే చట్టం భావిస్తుంది, శిక్షకు బదులు వైద్యాన్ని ప్రభుత్వ బాధ్యతగా చెబుతుంది. కేసు అవుతుందని దాచి నాటు వైద్యంతో కాలయాపన చేసే కుటుంబాలు ఇది తెలుసుకోవాలి. గోదావరి ఒడ్డునో, వేములవాడ గుడి ముందో దిక్కులేకుండా తిరిగే మానసిక రోగి కనిపిస్తే పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టరాదు. పెళ్ళి సంబంధాలు చెడతాయన్న భయంతో వెనకాడేవారికి రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుడికి చట్టబద్ధ విధి అని చెప్పాలి, అయితే ఊరి నోటిమీద చట్టానికి పట్టు లేదన్నదీ నిజమే.

దేశంలో లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడు కూడా లేడు. ఉన్నవారిలోనూ ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే ఉంటారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని తేలింది; ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. ఈ కొరత వల్ల ఓపీలో ఒక్కో రోగికి దక్కేది కొద్ది నిమిషాలే, అందుకే చెప్పవలసినవి ఒక కాగితంమీద రాసుకుని వెళ్ళడం మంచిది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఉచిత ఫోను నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా చేసి తెలుగులో మాట్లాడవచ్చు; దుబాయిలో ఉన్న కొడుకు గురించి కోరుట్లలోని తల్లి కూడా సలహా అడగవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు ఆ నంబరుకు చేయడంతోపాటు ఇంట్లో ఒకరికైనా చెప్పాలి, అలాంటివారిని ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు.

దీర్ఘకాలం కోలుకోలేని జబ్బుల్లో మానసిక వైద్యుడికి మరో పని ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని కూడా వైకల్యంగా గుర్తించింది. తన పని తాను చేసుకోవడం, ఇతరులతో మెలగడం, మాట్లాడటం, ఉపాధి అనే నాలుగింటిలో రోగి ఎంతవరకు వెనుకబడ్డాడో, జబ్బు ఎంతకాలంగా ఉందో లెక్కగట్టి 40 శాతమో అంతకు మించో ఉంటే వైకల్య నిర్ధారణ శిబిరంలో ధ్రువపత్రం ఇస్తారు, దాని ఆధారంగా వికలాంగుల పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. ఈ లెక్కలో జబ్బు వ్యవధికి కాగితాలే సాక్ష్యం. డాక్టరు మారినప్పుడల్లా పాత చీటీలను పారేసే కుటుంబానికి శిబిరంలో చూపడానికి ఏమీ మిగలదు, పదేళ్ళ జబ్బు ఆరు నెలల జబ్బుగా నమోదవుతుంది. మొదటి ఓపీ చీటీనుంచి డిశ్చార్జి కాగితం వరకు, తాయెత్తు కట్టినచోట కాగితం ఇవ్వరు గనుక కనీసం ఆసుపత్రి కాగితాలన్నీ, తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టుకుని, ప్రతి సందర్శనకూ ఆ ఫైలును వెంట తీసుకువెళ్ళాలి.